నొప్పి లేని భుజం చిరుగు: ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఏం జరుగుతుంది?

కుడి భుజం నొప్పి అని వెళ్తే డాక్టరు రెండు భుజాలకూ స్కాన్ రాస్తారు. కుడివైపు టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే గట్టి పట్టీ) చిరిగిందని వస్తుంది. నొప్పి ఉంది కాబట్టి అది ఊహించిందే. అయితే ఎడమవైపు కూడా చిరుగు ఉందని రిపోర్టులో కనిపిస్తుంది. ఆ ఎడమ చేత్తోనే ఇన్నాళ్లూ అటక మీది డబ్బాలు దించారు, మనవణ్ణి ఎత్తుకున్నారు, ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు. రిపోర్టు చూసిన దగ్గర్నుంచి మాత్రం ఆ చెయ్యి పైకెత్తాలంటేనే టెన్షన్. ఇంట్లో ఒకరు "నొప్పి లేనప్పుడు పట్టించుకోకు" అంటారు, ఇంకొకరు "ఇప్పుడే ఆపరేషన్ చేయించుకుంటే పోద్ది" అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజమే ఉంది.

ముందు ఊరటనిచ్చే సగం. ఇలాంటి చిరుగులు చాలా మామూలు. 1999లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో భుజం బాధలేవీ లేని 411 మందికి అల్ట్రాసౌండ్ చేసి చూశారు. 50ల్లో ఉన్నవాళ్లలో 13 శాతం మందికి, 60ల్లో 20 శాతం మందికి, 70ల్లో 31 శాతం మందికి, 80 దాటినవాళ్లలో 51 శాతం మందికి టెండన్ చిరిగి ఉంది. జపాన్‌లో ఒక పల్లెటూళ్లో 664 మందిని పరీక్షించిన ఫలితాలు 2013లో వచ్చాయి. అక్కడ 22 శాతం మందికి చిరుగులు కనిపించాయి. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి నొప్పే లేదు. 50 ఏళ్లలోపు వాళ్లలో ఒక్కరికీ చిరుగు లేదు. అంటే మనం చూస్తున్నది ప్రధానంగా వయసుతో వచ్చే మార్పు. మోకాలు అరిగినట్టే భుజమూ అరుగుతుంది, కాకపోతే చాలామంది విషయంలో చడీచప్పుడూ లేకుండా.

అయితే మామూలుగా కనిపించేదంతా ఉన్నచోటే ఉండిపోతుందని లెక్క కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

భుజం కీలులో గుండ్రటి ఎముక తల ఒకటి, దాని ఎదురుగా లోతు లేని చిన్న గుంట ఒకటి ఉంటాయి. గుంట చిన్నది, తల పెద్దది. చెయ్యి ఇన్ని వైపులకు తిరిగేది అందువల్లే, తేలిగ్గా పట్టు తప్పేదీ అందువల్లే. ఆ తలని గుంట మధ్యలో పట్టి ఉంచే పని నాలుగు కండరాలది. అవి రెక్క ఎముక నుంచి బయల్దేరి, చివర్లో గట్టి పట్టీల్లాంటి టెండన్లుగా మారి, ఎముక తలని ముందు నుంచి, పై నుంచి, వెనక నుంచి కప్పుకుంటాయి. నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ముందు సబ్‌స్కాపులారిస్, పైన సుప్రాస్పినేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పినేటస్, దాని కింద టెరిస్ మైనర్. రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే పేరు సుప్రాస్పినేటస్.

వయసుతో వచ్చే చిరుగు ముల్లుకు తగులుకుని పంచె చిరగడం లాంటిది కాదు. ఏళ్లతరబడి ఉతికిన పంచె ఒకచోట పలచబడి, పోగులు తేలి, చివరికి కన్నం పడుతుందే, అలాంటిది. అందుకే "ఎప్పుడు దెబ్బ తగిలింది?" అని డాక్టరు అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. దెబ్బే తగల్లేదు మరి.

రిపోర్టులోని ఒక మాట అనవసరంగా హడలగొడుతుంది. "ఫుల్ థిక్‌నెస్ టేర్" అని చూడగానే టెండన్ పూర్తిగా తెగి వేలాడుతోందని అనుకుంటారు. అది మందం గురించి చెప్పే మాట మాత్రమే. పై పొర నుంచి కింది పొర దాకా కన్నం పడిందని అర్థం. ఆ కన్నం వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 40 ఉండొచ్చు. చుట్టుపక్కల టెండన్ ఎముకని గట్టిగా పట్టుకునే ఉండొచ్చు. మందంలో కొంతవరకే చిరిగితే దాన్ని పార్షియల్ టేర్ అంటారు. కాబట్టి రిపోర్టులో ఆ పెద్ద పేరు కంటే దాని పక్కన రాసిన మిల్లీమీటర్లు ముఖ్యం. ఎన్నో రిపోర్టుల్లో పేరు ఉంటుంది గానీ ఆ అంకె ఉండదు, అది వేరే బాధ.

ఇక అసలు ప్రశ్న. నొప్పి లేని చిరుగుని ఏళ్లతరబడి వెంబడించి చూడటం తేలిక కాదు. నొప్పి లేనివాళ్లు ఆస్పత్రికి ఎందుకొస్తారు? అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ సర్జన్లకు దీనికొక దారి దొరికింది. ఒక భుజం నొప్పితో వచ్చినవాళ్లకు రెండో భుజానికీ అల్ట్రాసౌండ్ చేశారు. రెండోవైపు నొప్పి లేకుండా చిరుగు ఉన్నవాళ్లని ఎంచుకుని, వాళ్లు ఒప్పుకుంటే మళ్లీ మళ్లీ పిలిచి కొలిచారు. ముందు కెన్ యామగుచి, తర్వాత జే కీనర్ నడిపించిన ఈ పనే ఇవాళ ఈ విషయంలో మనకున్న జ్ఞానానికి పునాది.

కొలిచే తీరు ఒకసారి దగ్గర్నుంచి చూస్తే తర్వాతి అంకెలు బాగా అర్థమవుతాయి. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, అరచెయ్యిని ప్యాంటు వెనక జేబులో పెట్టుకున్నట్టు నడుం వెనక ఆనించమంటారు. మామూలుగా సుప్రాస్పినేటస్ టెండన్‌లో చాలా భాగం భుజం కొస ఎముక కింద దాక్కుని ఉంటుంది. చెయ్యి అలా వెనక్కి పెట్టగానే ఆ టెండన్ ముందుకు జరిగి బయటపడుతుంది. జెల్ రాసి, చేత్తో పట్టుకునే స్కాన్ పరికరాన్ని, అంటే ప్రోబ్‌ని భుజం ముందువైపు ఆనించి మెల్లగా జరుపుతారు. బాగున్న టెండన్ ఎముక తల మీద తెల్లటి చారల పట్టీలా కనిపిస్తుంది. చిరిగిన చోట ఆ పట్టీ తెగి నల్లటి సందు ఉంటుంది. ఆ సందు అంచు నుంచి అంచుకి పొడవూ వెడల్పూ కొలుస్తారు. ప్రోబ్ కాస్త వాలినా ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చేస్తుంది. అందుకే ఈ బృందం 5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ తేడా వస్తేనే చిరుగు పెరిగిందని లెక్కేసింది. రెండేళ్ల తేడాతో రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని "11 కాస్తా 13 అయ్యింది" అని నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

2001లో వచ్చిన వాళ్ల మొదటి ఫలితాలు చిన్న సంఖ్యతో వచ్చినవే, అయినా అందరినీ ఆలోచనలో పడేశాయి. నొప్పి లేని చిరుగుతో మొదలుపెట్టిన 45 మందిలో సగటున 2.8 ఏళ్లు తిరిగేసరికి 51 శాతం మందికి నొప్పి మొదలైంది. మళ్లీ స్కాన్‌కి వచ్చిన 23 మందిలో 9 మందికి చిరుగు పెద్దదైంది. ఎవరికీ తగ్గలేదు.

2015 నాటికి లెక్క పెద్దదైంది. నొప్పి లేని 224 భుజాలు. వాటిలో 118 ఫుల్ థిక్‌నెస్, 56 పార్షియల్, పోలిక కోసం చిరుగే లేనివి 50. గమనించిన కాలం మధ్యస్థంగా 5.1 ఏళ్లు. మొత్తం మీద 49 శాతం భుజాల్లో చిరుగు పెరిగింది. విడదీసి చూస్తే ఫుల్ థిక్‌నెస్ వాటిలో 61 శాతం, పార్షియల్ వాటిలో 44 శాతం. మొదట చిరుగు లేని భుజాల్లో కూడా 14 శాతం వాటిలో కొత్తగా ఏదో ఒకటి మొదలైంది. పెరుగుదల బయటపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 2.8 ఏళ్లు. 46 శాతం మందికి కొత్తగా నొప్పి వచ్చింది.

ఈ అంకెల్ని రెండు రకాలుగా తప్పు చదవొచ్చు. ఒకటి, "ఐదేళ్లలో అరవై శాతం మందికి పెరుగుతుందట, ఇంకేముంది" అని బెంబేలెత్తడం. పెరిగింది అంటే చెయ్యి పడిపోయిందని కాదు, 5 మిల్లీమీటర్ల గీత దాటిందని మాత్రమే. పైగా వీళ్లందరూ ఇంకో భుజంలో నొప్పితో ఆస్పత్రికి వచ్చినవాళ్లు. టెండన్లు అరిగే తత్వం వాళ్లలో అప్పటికే బయటపడింది. ఆ జపాన్ పల్లెలో ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్నవాళ్లకి ఇదే వేగం వర్తిస్తుందని గట్టిగా చెప్పలేం. రెండో తప్పు దీనికి ఎదురు దిశలో ఉంటుంది. "నొప్పి లేదుగా, అలాగే ఉండిపోతుంది" అనుకోవడం. ఇన్నేళ్ల గమనింపులో తేలిన గట్టి సంగతి ఏమిటంటే, ఈ చిరుగులు సాధారణంగా తమంతట తాము అతుక్కోవు. కొన్ని ఆగిపోతాయి, కొన్ని నెమ్మదిగా పెరుగుతాయి. వెనక్కి వెళ్లడం అరుదు.

మరి నొప్పికీ చిరుగుకీ సంబంధం ఉందా లేదా? ఇక్కడ పరిశోధనలు ఒకదాన్ని ఒకటి కొట్టేస్తున్నట్టు అనిపిస్తాయి. అమెరికాలోనే మూన్ అనే భుజం పరిశోధన బృందం దెబ్బ తగలకుండా వచ్చిన ఫుల్ థిక్‌నెస్ చిరుగులున్న నొప్పి రోగుల్ని చూసింది. చిరుగు పెద్దదైతే నొప్పి ఎక్కువ, చిన్నదైతే తక్కువ అన్న లెక్క కుదరలేదు. పెద్ద చిరుగుతో హాయిగా ఉన్నవాళ్లున్నారు, చిన్నదానితో రాత్రుళ్లు నిద్రలేనివాళ్లున్నారు. సరిగ్గా ఇది పట్టుకుని "స్కాన్‌లో ఏముంటే ఏంటి" అనేవాళ్లున్నారు.

కానీ నార్వేలో మూస్‌మాయర్ బృందం 2013లో ప్రచురించినదీ చూడాలి. నొప్పి లేని ఫుల్ థిక్‌నెస్ చిరుగులున్న 50 మందిని మూడేళ్లు గమనించారు. 18 మందికి నొప్పి మొదలైంది. ఆ 18 మందిలో చిరుగు సగటున 10.6 మిల్లీమీటర్లు పెరిగింది. నొప్పి రానివాళ్లలో 3.3 మిల్లీమీటర్లే. సెయింట్ లూయిస్ లెక్కా ఇదే దిశలో ఉంది. చిరుగు పెరిగిన భుజాల్లోనే నొప్పి రావడం ఎక్కువ.

ఈ రెండూ ఎదురుబొదురు మాటలు కావు. ఒక్క రోజు తీసిన స్కాన్‌లో చిరుగు ఎంత ఉందన్నది నొప్పి గురించి పెద్దగా ఏమీ చెప్పదు. ఆ చిరుగు మారుతోందా లేదా అన్నది మాత్రం చెబుతుంది. నిలకడగా ఉన్న 20 మిల్లీమీటర్ల చిరుగుతో భుజం సర్దుకుపోతుంది. 10 నుంచి 18కి పెరుగుతున్నది సర్దుకునే వ్యవధి ఇవ్వదు. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో మామూలు మనిషికి పనికొచ్చే సంగతి ఇదే. ఇన్నాళ్లూ ఊరుకున్న భుజం, పేరుకి ఏ దెబ్బా తగలకుండానే, ఈ మధ్య కొత్తగా నొప్పి పెడుతోందంటే "వయసు మీద పడుతోంది" అని వదిలేయకూడదు. మళ్లీ కొలిపించుకోవాలి. నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుని అది తగ్గగానే స్కాన్ సంగతి మరిచిపోయేవాళ్లు చాలామంది. ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుంది గానీ చిరుగు పెరగడాన్ని ఆపదు. పెరగకుండానే నొప్పి వచ్చేవాళ్లూ, పెరిగినా నొప్పి రానివాళ్లూ ఉంటారు కాబట్టి నొప్పినొక్కదాన్నే నమ్ముకోలేం కూడా.

చిరుగు ఉన్నా చెయ్యి లేస్తుందెలా అని ఆశ్చర్యపోతారు. వయసుతో వచ్చే చిరుగు చాలావరకు ఒకే చోట మొదలవుతుంది. కండపుష్టి చూపించే బైసెప్స్ కండరపు తాడు భుజం ముందు నుంచి పైకి వెళ్తుంది కదా, దానికి దాదాపు 15 మిల్లీమీటర్లు వెనక. సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్ కలిసే ప్రాంతం అది. అక్కడ టెండన్ పలచగా ఉంటుంది. దాని చుట్టూ మందమైన పోగుల కట్ట ఒకటి అర్ధచంద్రాకారంలో ముందు నుంచి వెనక్కి సాగి, రెండు కొసల్లో ఎముకకి అతుక్కుని ఉంటుంది. సర్జన్లు దాన్ని కేబుల్ అంటారు. కన్నం పలచటి భాగంలోనే ఉన్నంతకాలం కండరాల లాగుడు ఆ కేబుల్ మీదుగా ఎముకకి అందుతూనే ఉంటుంది. ముందూ వెనకా ఉన్న టెండన్లు ఎముక తలని మధ్యలో నొక్కి పట్టుకుంటాయి, భుజాన్ని బయట నుంచి కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం చేతిని పైకి లేపుతుంది. పని జరిగిపోతుంది.

చిరుగు ముందుకు పాకి కేబుల్ ముందు కొస తెగితే మాత్రం కథ మారుతుంది. అలాంటి చిరుగులు పెద్దవిగా ఉంటాయి, వాటిలో కండరం పాడవడమూ ఎక్కువ. ఎముకతో పట్టు పోయిన కండరం లోపలికి ముడుచుకుపోతుంది, చిక్కిపోతుంది, కండ పోగుల మధ్య కొవ్వు చేరుతుంది. ఈ కొవ్వు చేరడాన్ని ఫ్రెంచ్ సర్జన్ గుతాలియే 1994లో సీటీ స్కాన్ల ఆధారంగా సున్నా నుంచి 4 దాకా మెట్లుగా విభజించారు. ఇప్పటికీ ఎంఆర్ఐ రిపోర్టుల్లో ఆ మెట్లే రాస్తారు. 2 అంటే కొవ్వు ఉంది గానీ కండే ఎక్కువ. 3 అంటే సగానికి సగం. 4 అంటే కండ కంటే కొవ్వే ఎక్కువ. ఈ మార్పు జరిగాక టెండన్‌ని కుట్టినా కండరం పాత స్థితికి రాదు. నొప్పి లేని చిరుగుని పూర్తిగా గాలికి వదిలేయొద్దని అనడానికి గట్టి కారణం ఇదే. పెరుగుతున్న చిరుగుల్లో ఈ కొవ్వు చేరడం కూడా ఎక్కువగా కనిపించింది.

అలాగని నొప్పి లేని భుజానికి ఆపరేషనా? వద్దు. చేయించుకోమని దాదాపు ఏ భుజం సర్జనూ అనరు. నొప్పి ఉన్నవాళ్లకే అది మొదటి మార్గం కాదు. మూన్ బృందం 452 మందికి ముందు ఫిజియోథెరపీ ఇచ్చి చూసింది. రెండేళ్లలో ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లు నాలుగో వంతు కంటే తక్కువ. ఎవరు వెళ్తారన్నది చిరుగు సైజు కంటే, వ్యాయామంతో తగ్గుతుందని ఆ మనిషి మొదట ఎంత నమ్మారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడిందట. వ్యాయామం కన్నాన్ని పూడ్చదు. మిగిలిన టెండన్లకీ, రెక్క ఎముకని నిలబెట్టే కండరాలకీ బలమిస్తుంది. నొప్పి లేనివాళ్లకీ ఆ బలం పనికొస్తుంది.

ఇంకోవైపు ఆపరేషన్ ఫలితం కూడా వయసుని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో బ్వాలో బృందం 2005లో ప్రచురించిన లెక్కలో, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో కుట్టిన 65 మంది సుప్రాస్పినేటస్ టెండన్లలో 71 శాతం పూర్తిగా అతుక్కున్నాయి. 65 ఏళ్లు దాటినవాళ్లలో అది 43 శాతమే. అంటే 75 ఏళ్ల పెద్దాయన నొప్పి లేని చిరుగుని ఏళ్లతరబడి స్కాన్లు తీస్తూ వెంబడించడంలో ఒరిగేది తక్కువ. పెరిగిందని తేలినా చేసేదేమీ మారకపోవచ్చు. 55 ఏళ్ల మేస్త్రీ కుడిచేతి వాటం మనిషై, కుడి భుజంలోనే ఫుల్ థిక్‌నెస్ చిరుగు ఉంటే లెక్క వేరు. వాటం చేతిలో నొప్పి వచ్చే అవకాశం ఎక్కువని సెయింట్ లూయిస్ అధ్యయనంలోనే తేలింది. ఇంకా పదేళ్లు బరువులెత్తాల్సిన చెయ్యి అది. అలాంటివాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలిపించుకోవడం దండగ ఖర్చు కాదు. పార్షియల్ చిరుగైతే ఇంకాస్త తాపీగా ఉండొచ్చు. సిగరెట్ అలవాటున్నవాళ్లలో ఈ చిరుగులు ఎక్కువని కూడా సెయింట్ లూయిస్ వాళ్లే చూపించారు. మనం మార్చుకోగలిగిన కొద్దిపాటి కారణాల్లో అదొకటి.

కొలిపించుకునేటప్పుడు మొదట ఏ పరీక్ష చేయించారో రెండోసారీ అదే చేయించండి. ఒకసారి ఎంఆర్ఐ, ఇంకోసారి అల్ట్రాసౌండ్ అయితే ఆ రెండు అంకెల మధ్య తేడాకి అర్థం చెప్పడం కష్టం. పాత రిపోర్టుతో పాటు ఫిల్మో సీడీయో తీసుకెళ్లండి. అంకె రాయకుండా "టేర్" అని మాత్రమే రాసి ఇస్తే, పొడవూ వెడల్పూ మిల్లీమీటర్లలో రాయమని అక్కడే అడగండి.

మన దగ్గర షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఒక గందరగోళం తరచూ జరుగుతుంది. స్కాన్‌లో చిరుగు కనబడగానే భుజం బిగుసుకుపోవడానికి కూడా అదే కారణమని తేల్చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లలో ఫ్రోజెన్ షోల్డర్ అనే, భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువ. పక్కనే నిశ్శబ్దంగా ఓ చిరుగు ఉండటమూ ఆ వయసుకి మామూలే. రెండింటినీ విడదీసే మార్గం పరీక్ష గదిలోనే ఉంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఆ మనిషి ఎత్తినా చెయ్యి లేవదు, డాక్టరు పట్టుకుని ఎత్తినా లేవదు, మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోయినా అడ్డుపడుతుంది. చిరుగు వల్లే ఇబ్బందైతే సాధారణంగా తనంతట తాను ఎత్తలేరు గానీ వేరేవాళ్లు ఎత్తితే లేస్తుంది. ఈ తేడా చూడకుండా స్కాన్ కాగితం చూసి ఆపరేషన్ దాకా వెళ్తే, బిగుసుకున్న భుజం ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉంది.

ఈ తాపీ లెక్కలన్నీ దెబ్బ తగలకుండా వచ్చిన చిరుగులకే. బండి మీంచి పడో, బాత్‌రూమ్‌లో జారో చెయ్యి నేలకి ఆనించినప్పటి నుంచి, నిన్నటిదాకా లేచిన చెయ్యి ఇవాళ లేవకపోతే అది వేరే జాతి. అప్పటికే ఉన్న పాత చిరుగు ఆ ఒక్క దెబ్బతో పెద్దదై ఉండొచ్చు. అక్కడ ఏడాది ఆగి చూడటం కాదు, ఆ వారంలోనే ఎముకల డాక్టరుకి చూపించాలి.